చిక్కదనానికి అంకె పేరైన వైనం: ఆముదం నుంచి 5డబ్ల్యు-30 దాకా

ఉపోద్ఘాతం

కుత్బుల్లాపూర్ ప్రాంతంలో చింతల్, షాపూర్‌నగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల పరిధిలో నూనె చిక్కదనాన్ని చెప్పే రెండు అంకెల భాషలు పక్కపక్కనే వాడుకలో ఉన్నాయి. యంత్రశాలలో హైడ్రాలిక్ నూనెను ‘68 నంబరు’ అంటారు. ఆ వీధి చివర కారు మెకానిక్ ‘5డబ్ల్యు-30’ అంటాడు. మొదటిది కొలత, రెండోది పేరు. 40 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ రెండు నూనెల చిక్కదనం దాదాపు ఒక్కటే. ఒకే గుణానికి ఇంత దూరమైన అంకెలు ఎలా వచ్చాయో, 0డబ్ల్యు-20, 5డబ్ల్యు-30, 5డబ్ల్యు-40 వంటి దగ్గరి రకాల మధ్య ఎంపికకు ఆ చరిత్ర ఎలా తోడ్పడుతుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఆముదపు దశ

‘కందెన’ అనే తెలుగు మాట మోటారు కంటే పాతది. ఎద్దుబండి ఇరుసుకు పూసే ఆ జిడ్డుకు మన పల్లెల్లో ఆముదమే ముఖ్యమైన ఆధారం. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట భూములు ఈ పంటకు పేరుపొందినవి. మోటారు యుగం తొలినాళ్ళలోనూ ఆముదానికి గౌరవం తగ్గలేదు. 1899లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ లండన్‌లో స్థాపించిన సంస్థ, ఆముదం కలిపిన ఇంజన్ నూనెను 1909లో ‘క్యాస్ట్రాల్’ పేరుతో తెచ్చింది. ఆముదపు ఆంగ్లనామమే ఆ పేరుకు మూలం. మొదటి ప్రపంచయుద్ధకాలపు రోటరీ విమాన ఇంజన్లలోనూ ఆముదమే వాడారు. అది పెట్రోలులో సులభంగా కరగదు.

అయితే ఆముదం చిక్కదనం వేడిమికి బాగా లోబడుతుంది. 40 డిగ్రీల వద్ద సుమారు 250 సెంటీస్టోక్‌లు ఉండే చిక్కదనం 100 డిగ్రీలకు చేరేసరికి 20 లోపునకు పడిపోతుంది. పైగా వేడికి బంకగా మారి పేరుకుంటుంది. నేటి 5డబ్ల్యు-30 నూనె అదే వ్యవధిలో 60 ప్రాంతం నుంచి 11 ప్రాంతానికి మాత్రమే దిగుతుంది. ఇరవయ్యో శతాబ్దపు నూనెల చరిత్రలో అధికభాగం ఈ పతనాన్ని తగ్గించే ప్రయత్నమే.

అంకెల పుట్టుక

అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం 1911లో తొలి ఇంజన్ నూనె ప్రమాణాన్ని వెలువరించింది. నూనె ఒక చిన్న రంధ్రం గుండా కారడానికి పట్టే సెకన్లే అప్పటి కొలత. తరగతులకు తర్వాత స్థిరపడిన 20, 30, 40 అనేవి ఆ సెకన్లు కావు, సెంటీస్టోక్‌లూ కావు, వరుస సూచికలు మాత్రమే. దీనికి భిన్నంగా 1975 నాటి అంతర్జాతీయ పారిశ్రామిక ప్రమాణం 40 డిగ్రీల వద్ద వచ్చే చిక్కదనాన్నే నూనెకు పేరుగా పెట్టింది. జీడిమెట్ల ‘68’ అక్కడిది. రెండింటిలో ఇదే నిజాయితీ గల పద్ధతి అని నా అభిప్రాయం.

‘డబ్ల్యు’ అంటే బరువు అని మన గ్యారేజీల్లో తరచు చెబుతారు. అది శీతకాలాన్ని సూచించే ఆంగ్లపదపు తొలి అక్షరం. 1929లో డీన్, డేవిస్ ‘స్నిగ్ధతా సూచిక’ను ప్రతిపాదించి, వేడికి తక్కువగా పలచబడే పెన్సిల్వేనియా నూనెకు 100, ఎక్కువగా పలచబడే గల్ఫ్ తీరపు నూనెకు 0 ఇచ్చారు. తర్వాత పాలిమర్ల చేర్పుతో ఒకే నూనె శీతకాలపు తరగతినీ వేసవి తరగతినీ అందుకోగలిగింది. అందుకే పేరులో రెండు అంకెలు.

ఇక్కడ ఒక పరిభాషా విషయం ప్రస్తావించాలి. పాఠ్యపుస్తకాలు వాడే ‘స్నిగ్ధత’ అనే మాట సరైనదేనా? ఆయుర్వేదపు ఇరవై గుణాల్లో స్నిగ్ధానికి ప్రతిగుణం రూక్షం. అంటే అది జిడ్డుతనం, చిక్కదనం కాదు. తేనెకు చిక్కదనం ఉంది, జిడ్డు లేదు. ఆ జాబితాలోనే పిచ్ఛిలం, సాంద్రం ఉన్నాయి. హిందీ ‘శ్యానత’ అనే వేరే మాట ఎంచుకుంది. మన మెకానిక్ అనే ‘చిక్కన’, ‘పల్చన’ అర్థానికి మరింత దగ్గర.

దగ్గరి రకాల మధ్య ఎంపిక

0డబ్ల్యు తరగతి నూనెను మైనస్ 35 డిగ్రీల వద్ద, 5డబ్ల్యును మైనస్ 30 వద్ద పరీక్షిస్తారు. సున్నాకు కూడా దిగని మేడ్చల్ చలికి ఈ తేడాతో పని లేదు. కనుక 0డబ్ల్యు-30, 5డబ్ల్యు-30ల మధ్య ఇక్కడ తర్జనభర్జన అనవసరం. వెనుక అంకె సంగతి వేరు. 100 డిగ్రీల వద్ద 30 తరగతి 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల లోపు, 40 తరగతి 12.5 నుంచి 16.3 లోపు ఉండాలి. 12.4 ఉన్న ‘30’కీ 12.6 ఉన్న ‘40’కీ తేడా నామమాత్రం. 9.5 ఉన్న ‘30’కీ 12.4 ఉన్న ‘30’కీ తేడా ఎక్కువ. డబ్బా మీది పేరు ఈ సంగతి చెప్పదు, కంపెనీ సాంకేతిక పత్రం చెబుతుంది.

అంతకంటే ముఖ్యమైనది 150 డిగ్రీల వద్ద, బేరింగుల్లోని ఒత్తిడి వంటి స్థితిలో మిగిలే చిక్కదనం. 20 తరగతికి కనీసం 2.6, 30కి 2.9, 5డబ్ల్యు-40కి 3.5 మిల్లీపాస్కల్ సెకన్లు ఉండాలి. పల్చని నూనెతో ఇంధనం కొంత ఆదా అవుతుంది, కాని లోహపు భాగాల నడుమ పొర సన్నబడుతుంది. పల్చని నూనె కోసమే రూపొందిన ఇంజన్‌లో ఆ పొర సరిపోతుంది. 3.5 అడిగే ఇంజన్‌లో 2.6 పోస్తే బేరింగులు అరగవచ్చు. మన ఎండలకు చిక్కని నూనే మంచిదన్న నమ్మకం పాత ఏకతరగతి నూనెల కాలం నాటిది. ఇంజన్ లోపలి నూనె వేడిని ఎండ కంటే ఎక్కువగా నిర్ణయించేది శీతలీకరణ వ్యవస్థ, బండి మీది భారం. కనుక మాన్యువల్ ఒకే తరగతి చెబితే అదే పోయాలి. రెండింటిని అనుమతిస్తే, వేసవిలో నిండు బండితో సుదీర్ఘ ప్రయాణాలు చేసేవారు వాటిలో చిక్కనిదాన్ని ఎంచుకోవడం సమంజసం.

‘సింథటిక్’ అన్న మాటను బట్టి మాత్రం ఎంచుకోలేం. మొబిల్ 1 అమెరికా విపణిలోకి వచ్చిన 1974లో ఆ మాటకు రసాయనికంగా కూర్చిన మూలనూనె అని అర్థం. ముడిచమురునే హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధిచేసిన నూనెను అలా పిలవవచ్చా అని మొబిల్, క్యాస్ట్రాల్ సంస్థల మధ్య వివాదం వచ్చింది. 1999లో అమెరికా ప్రకటనల సమీక్షా సంస్థ క్యాస్ట్రాల్ పక్షం వహించడంతో పదానికి అర్థవ్యాప్తి జరిగింది. అప్పటి నుంచి ఆ మాటను ‘సంశ్లేషిత’ అని తెనిగిస్తే డబ్బాలో ఉన్న నూనెకు అన్నివేళలా వర్తించదు. ‘సింథటిక్’ అని యథాతథంగా ఉంచిన బజారు వాడుకే నయం.