ఎక్కడినుంచీ రాని డబ్బు

మార్టిన్ లూథర్ కింగ్‌ని 1968 ఏప్రిల్ 4న కాల్చి చంపింది అమెరికాలోని మెంఫిస్‌లో, లొరైన్ మోటెల్ బాల్కనీలో. 1991లో ఆ మోటెల్‌నే పౌరహక్కుల మ్యూజియం చేశారు. ఆయన దిగిన 306వ నంబరు గది అలాగే ఉంచారు. అందరూ చూడాలని వచ్చేది ఆ గదే. నా కాళ్ళు మాత్రం దానికి ముందే, ఒక బస్సు దగ్గర ఆగిపోయాయి.

అందులో రోజా పార్క్స్ బొమ్మ కూర్చుని ఉంటుంది. మాంట్‌గొమరీ అనే ఊళ్ళో కుట్టుపని చేసుకునే ఆవిడ. 1955 డిసెంబరు 1న, తెల్లవాడి కోసం సీట్లోంచి లేవనంది. అరెస్టు చేశారు. (అంతకు తొమ్మిది నెలల ముందే క్లాడెట్ కోల్విన్ అనే పదిహేనేళ్ళ పిల్ల కూడా లేవనంది. ఆ పేరు మనలో ఎందరం విన్నాం?) ఆ తర్వాత 381 రోజులు నల్లవాళ్ళు ఆ ఊరి బస్సెక్కలేదు. తెల్లవాళ్ళ ఇళ్ళల్లో అంట్లు తోమి, పిల్లల్ని సాకే ఆడవాళ్ళు మైళ్ళకొద్దీ నడిచారు.

అందరూ నడవలేరుగా! కార్లు తిప్పాలి. మరి పెట్రోలు ఖర్చో? అదిగో, అక్కడొస్తుంది వంటావిడ జార్జియా గిల్మోర్. కోడి వేపుళ్ళూ, కేకులూ చేసి, తోటి ఆడవాళ్ళ చేత చేయించి, అమ్మి, ఆ డబ్బు తెచ్చి సభలో ఇచ్చేది. ఎక్కడిదమ్మా అంటే ‘ఎక్కడినుంచీ కాదు’ అనాలి. వాళ్ళ సంఘం పేరే అది! పేర్లు బయటపడితే ఉద్యోగాలు ఊడతాయి మరి. 1956లో కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు గిల్మోర్ ఉద్యోగం ఊడనే ఊడింది. ఇంట్లోనే పొయ్యి వెలిగించి భోజనాలు పెట్టింది. కింగ్ కూడా అక్కడే తినేవాడు.

1990లో ఆవిడ పోయిన రోజు కూడా ఊరేగింపు వాళ్ళకోసం వండుతూనే ఉందట. ఆ వంటే పరామర్శకి వచ్చినవాళ్ళకి వడ్డించారు.