పన్నెండేళ్ల మలుపు

నెదర్లాండ్స్‌లో పిల్లల్ని బడికి పంపి తీరాలన్న చట్టం 1900లో ఒక్క ఓటు తేడాతో, 50–49తో నెగ్గింది. వ్యతిరేకుల్లో ఒకాయన గుర్రం మీదనుంచి పడి ఆ రోజు సభకు రాలేకపోయాడు. ఆరు నుంచి పన్నెండేళ్ల దాకా చదువు తప్పనిసరైంది. ఆ పన్నెండు అనే అంకె తర్వాత కూడా డచ్చి పిల్లల్ని వదల్లేదు. బయటినుంచి వచ్చిన పిల్లల్నైతే మరీ గట్టిగా పట్టుకుంది.

అంతకన్నా పాత తగాదా, బడి ఎవరిదన్నది. 1917 నాటి రాజ్యాంగ సవరణ దాన్ని తీర్చింది. సర్కారు బడికీ మతసంస్థల బడికీ ఖజానా నుంచి సమానంగా డబ్బు. మనకు ప్రైవేటు అంటే ఫీజుల బడి. అక్కడ పాలకవర్గం ప్రైవేటుది, ఖర్చు ప్రభుత్వానిది. క్రైస్తవ పక్షాలు పోరాడి తెచ్చుకున్న ఈ ఏర్పాటు డెబ్బై ఏళ్లకు సూరినామ్ భారతీయులకు అక్కరకొచ్చింది. 1873 నుంచి కలకత్తాలో ఓడెక్కి చెరకు తోటలకు వెళ్లిన కూలీల వారసులు, 1975లో సూరినామ్ స్వతంత్రమైన రోజుల్లో వేలాదిగా నెదర్లాండ్స్ చేరారు. 1988లో హేగ్‌లో సర్కారు సొమ్ముతోనే హిందూ ప్రాథమిక పాఠశాల మొదలైంది. ఈ చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టమది.

కార్మికుల పిల్లల కథ అంత సుఖంగా సాగలేదు. టర్కీతో 1964లో, మొరాకోతో 1969లో కూలీల కోసం ఒప్పందాలు కుదిరాయి. కొన్నేళ్లు పనిచేసి వెళ్లిపోతారన్న అంచనాతో 1974 నుంచి వాళ్ల పిల్లలకు బళ్లోనే మాతృభాష నేర్పారు. చాలామంది వెళ్లలేదు, పెళ్లాంపిల్లల్ని రప్పించుకున్నారు. ఆ పాఠాలు మాత్రం 2004లో ఆగిపోయాయి. ఇంటి భాషను బడి గడప బయటే వదిలి రమ్మనడం తప్పని నా నమ్మకం. 1985లో వచ్చిన మరో ఏర్పాటు మెచ్చదగ్గది. చదువు తక్కువున్న వలస తల్లిదండ్రుల బిడ్డను 1.9 మందిగా లెక్కగట్టి బడికి అదనపు నిధులిచ్చారు.

అసలు చిక్కు మరోచోట ఉంది. ప్రాథమిక బడిలో ఆఖరి తరగతైన ఎనిమిదో గ్రూపు చివర, పన్నెండేళ్ల వయసులో, టీచరు సలహా మీద బిడ్డ ఏ దారిన వెళ్లాలో తేలిపోతుంది. వృత్తివిద్య వైపు నాలుగేళ్ల వీఎంబీఓ, నడుమ అయిదేళ్ల హావో, విశ్వవిద్యాలయానికి ఆరేళ్ల వీడబ్ల్యూఓ. పదకొండేళ్లకు దిగిన పిల్ల డచ్చి ఎప్పుడు నేర్చుకుంటుంది? లెక్క వచ్చినా, లెక్క అడిగిన వాక్యం అర్థం కాదు. పన్నెండు దాటి వచ్చినవారికి భాష నేర్పే ప్రత్యేక తరగతులున్నాయి, ఒకటి రెండేళ్లు అందులోనే గడుస్తాయి. సమాన తెలివి ఉన్నా తల్లిదండ్రుల చదువును బట్టి పిల్లలకు వేర్వేరు సలహాలు అందుతున్నాయని 2016లో విద్యా తనిఖీ శాఖే చెప్పింది. 2023–24 నుంచి, ఎనిమిదో గ్రూపు పరీక్షలో మెరుగైన ఫలితం వస్తే టీచరు సలహాను పై దారికి మార్చడం దాదాపు తప్పనిసరి చేశారు. ఈ సవరణ ఎంతో ముందే రావలసింది.

2004లో నిపుణుల వీసా వచ్చాక ఆమ్‌స్టెల్‌వేన్, ఐండ్‌హోవెన్ వంటి ఊళ్లలో తెలుగు ఇళ్లూ పెరిగాయి. అయిదేళ్లు నిండిన బిడ్డను బడి రోజుల్లో అనుమతి లేకుండా పెళ్లికని ఊరికి తీసుకెళ్తే జరిమానా పడవచ్చని తెలిసి చాలామంది నివ్వెరపోతారు. అంతకన్నా ముందు తెలుసుకోవలసింది ఇంకొకటుంది. మొదటి ఏడాదే దారి తేల్చెయ్యకుండా, హావో, వీడబ్ల్యూఓ పిల్లల్ని కలిపి కూర్చోబెట్టే తరగతులు కొన్ని బళ్లలో ఉన్నాయి. పెంకు మీద పెంకు ఎక్కినట్టుంటుందని వాటిని డచ్చిలో పెంకుల తరగతి అంటారు. ఎనిమిదో గ్రూపు టీచరు ఎదుట కూర్చున్న రోజు అమ్మానాన్నలు ఆ తరగతి గురించి అడగాలి.