ఎవరూ అడగని వాచీలు

1963లో రోలెక్స్ కంపెనీ కారు పందేల డ్రైవర్లను దృష్టిలో పెట్టుకుని డేటోనా అనే వాచీ తెచ్చింది. సమయంతో పాటు స్టాప్‌వాచీ పని కూడా చేసేది. కొన్నాళ్లకు దానికే ఇంకో రకం డయల్ వేశారు: లోపలి చిన్న వలయాలు ఒక రంగు, మిగతా నేల మరో రంగు, వలయాల్లోని గీతల చివర బుల్లి చతురస్రాలు. ఆనాటి జనానికి అది గంభీరమైన వాచీకి కట్టిన పగటివేషంలా కనిపించింది. షాపుల్లో మూలన పడి ఉండేది. నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న అలాంటి వాచీ 2017లో న్యూయార్క్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లు పలికింది. అరుదైన పాత వాచీల చరిత్రను మనం గొప్ప పనితనపు చరిత్రగా చదువుతాం. నాకు మాత్రం అందులో చాలా భాగం అమ్ముడుపోని సరుకు చరిత్రగానే కనిపిస్తుంది. ఆ ధర న్యూమన్‌ను చూసి పెట్టిందే కదా అనవచ్చు. ఆ ఒక్క వాచీ విషయంలో అది నిజమే. కానీ ఏ నటుడి చేతికీ ఎక్కని వాటిలో కూడా ఈ వేషం డయల్ ఉన్నది మామూలు డయల్ దానికంటే ఎన్నో రెట్లు పలుకుతుంది. ఆనాడు కొన్నవాళ్లు తక్కువ కాబట్టే ఈనాడు దొరికేవి తక్కువ.

దీనికి ఇంతకంటే గట్టి సాక్ష్యం హార్వుడ్ వాచీ. పాత వాచీలకు ప్రాణగండం కీ ఇచ్చే బొడిపె దగ్గర ఉండేది. రోజూ తిప్పే ఆ బొడిపె సందులోంచే దుమ్మూ చెమటా లోపలికి దిగి యంత్రాన్ని పాడుచేసేవి. జాన్ హార్వుడ్ అనే ఇంగ్లిష్ వాచీ మెకానిక్ అసలు బొడిపెనే తీసేద్దామనుకున్నాడు. 1924లో స్విట్జర్లాండ్‌లో పేటెంటు పొందాడు. చెయ్యి కదిలినప్పుడల్లా లోపలున్న ఒక బరువు ముక్క అటూ ఇటూ ఊగి స్ప్రింగును చుడుతుంది. పూర్తిగా గుండ్రంగా తిరగదు, రెండు కొసల్లో ఆపులకు తగిలి వెనక్కి వస్తుంది. మరి టైము సరిచేయడం ఎలా? అద్దం చుట్టూ ఉన్న వలయాన్నే తిప్పాలి. డయల్ మీద ఆరు అంకె పైన చిన్న కిటికీ, అందులో రంగు చుక్క: ముళ్లు సర్దే స్థితిలో ఉన్నాయో, వాచీ మామూలుగా నడుస్తోందో అదే చెబుతుంది. బుర్ర మెచ్చుకునే పని ఇది. అయినా 1931కల్లా హార్వుడ్ కంపెనీ మూతపడింది. ఆర్థిక మాంద్యాన్ని అందరూ తప్పుపడతారు, అందులో నిజం లేకపోలేదు. కానీ అదే 1931లో రోలెక్స్ పూర్తిగా చుట్టూ తిరిగే బరువుతో తన ఆటోమేటిక్ తెచ్చింది, అదీ బొడిపెను ఉంచుకునే. 1926 నుంచే దాని బొడిపెకు సీసా మూతలా మర బిగించే ఏర్పాటుంది; దుమ్ముకు దారి లేదు. బొడిపెను తీసేయాల్సిన అవసరమే తీరిపోయింది. హార్వుడ్ అడిగిన ప్రశ్న సరైనదే, ఆయన జవాబు మాత్రం ఒంటరిదైపోయింది. ఆ ఒంటరితనమే నేటి దాని విలువ.

రివర్సో అనే వాచీ కథలోనూ ఇదే తీరు. మన దేశంలో పోలో ఆడే బ్రిటిష్ సైనికాధికారుల వాచీ అద్దాలు పగిలిపోతుంటే, డయల్ లోపలికి పోయి లోహపు వీపు బయటికొచ్చేలా తిరగబడే వాచీకి 1931లో పారిస్‌లో పేటెంటు అడిగారు. తర్వాత పగలని అద్దాలొచ్చి దాన్ని మరుగున పడేశాయి. 1970ల మొదట్లో ఇటలీ వర్తకుడొకరు మిగిలిపోయిన ఖాళీ కేసులు కొని అమ్మేదాకా, చేసిన కంపెనీకే దాని ధ్యాస లేదు.

నా వాదనకు గట్టి అడ్డు పటేక్ ఫిలిప్ 1518. శాశ్వత క్యాలెండరూ స్టాప్‌వాచీ ఒకే కేసులో ఉన్న ఈ వాచీలు 1941 నుంచి 1954 వరకు 281 మాత్రమే చేశారు. వీటిని ఎవరూ వద్దనలేదు, చేయడమే కష్టం. ఒప్పుకుంటాను, ఇక్కడ అరుదుతనం పనితనం నుంచే వచ్చింది. అయితే వాటిలో ఎక్కువ భాగం బంగారంవి, స్టీలువి తెలిసినంతలో నాలుగే. 2016లో జెనీవాలో ఒక స్టీలుది కోటీ పది లక్షల స్విస్ ఫ్రాంకులు దాటింది, బంగారు వాటిని తలదన్నింది. యంత్రం ఒకటే, లోహం చవక! అంత డబ్బు పెట్టి స్టీలు వాచీ ఎవరడుగుతారని అప్పట్లో అనుకున్నందుకే ఈ ధర.

వింత ఉంటే చాలు విలువ వస్తుందనేవారికి అక్యూట్రాన్‌ను చూపిస్తాను. 1960లో బులోవా తెచ్చిన ఈ వాచీ టిక్కుటిక్కుమనదు, సెకనుకు 360 సార్లు కంపించే శ్రుతిదండం లోపలుండి సన్నగా ఝుమ్మంటుంది. అంతకన్నా వింత మరొకటి చూపడం కష్టం. కానీ అది లక్షల్లో అమ్ముడైంది, అందుకే ఇవాళ మామూలు ఉద్యోగి కూడా కొనుక్కోగలడు. అరుదైతేనే విలువ అన్న ఈ సంగతి మన బజారు ఎప్పుడో గ్రహించింది. బెంగళూరులో 1961 నుంచి తయారైన హెచ్ఎంటీ వాచీలు లెక్కకు మిక్కిలి, అరుదు కావు. కాబట్టి పాత యంత్రాలకు ఫ్యాక్టరీ ఎన్నడూ వేయని నారింజ, ఆకుపచ్చ రంగుల డయళ్లు అద్ది అపురూపమని అమ్ముతున్నారు. తెలిసినవాడు ఆ రంగు జోలికి పోడు, భూతద్దం పెట్టి ముందుగా అక్షరాల అంచులు చూస్తాడు.