సీసా తాటిచెట్టు - కోరంగి రేవు - మన పెరడు



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాసి పంపమని మన సంఘం వారు కోరారు. కొల్లేటికోట వాడిని కాబట్టి గజపతుల కోట గురించో, పెద్దింట్లమ్మ తల్లి గుడి గురించో, ఫాల్గుణ మాసపు తీర్థం గురించో వ్రాస్తానని మీరు అనుకోవచ్చు. ఆ చరిత్ర పెద్దలు చాలామంది వ్రాసి ఉన్నారు. నేను మా పెరట్లో ఉన్న ఒక చెట్టు చరిత్ర వ్రాయదలచాను. చెట్టుకు చరిత్రేమిటి అనవద్దు. ఈ చెట్టు పుట్టిన దేశానికి, మన గోదావరి జిల్లాల వారికి సుమారు నూట తొంభై ఏళ్ల సంబంధం ఉన్నది.

నర్సరీ వారు దానిని బాటిల్ పామ్ అంటారు. మా మనుమరాలు సీసా తాటిచెట్టు అంటుంది. ఆ పిలుపు నాకు నచ్చింది. మొదలు బానలా ఉబ్బి, పైకి పోను పోను సన్నబడి, సీసా మెడలాంటి ఆకుపచ్చని తొడుగుతో ముగుస్తుంది. దానిపైన నాలుగు మొదలు ఎనిమిది ఆకులు మాత్రమే ఉంటాయి. సాధారణంగా పది పన్నెండు అడుగుల ఎత్తు పెరుగుతుంది. దాని శాస్త్రీయ నామం హయోఫోర్బ్ లాజెనికాలిస్. రెండవ మాటకు లాటిన్‌లో సీసా వంటి కాండము కలది అని అర్థం. మొదటి మాటకు గ్రీకులో పందుల మేత అని అర్థం. ఈ జాతి చెట్ల పండ్లను పందులు తినేవట. ఇప్పుడు బంగళాల ముందు, హోటళ్ల ముందు దర్జాగా నిలబడే చెట్టుకు పెద్దలు పెట్టిన పేరు అది!

పుట్టిల్లు ఎక్కడ?

ఈ చెట్టు పుట్టిల్లు హిందూ మహాసముద్రంలోని మారిషస్ దేశం. ఆ దేశపు పెద్ద దీవికి ఉత్తరంగా సుమారు ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో రౌండ్ ఐలాండ్ అనే చిన్న లంక ఉన్నది. విస్తీర్ణం రెండు చదరపు కిలోమీటర్లకు అటూ ఇటూ. పేరుకు గుండ్రని దీవే గాని అది గుండ్రంగా ఉండదు. దాని పక్కనే సర్పెంట్ ఐలాండ్, అనగా పాముల దీవి, ఉన్నది. అందులో పాములు లేవు, పైగా అదే గుండ్రంగా ఉంటుంది. పాములున్నది రౌండ్ ఐలాండులో! రికార్డుల్లో సర్వే నంబర్లు తారుమారైనట్లు ఈ రెండింటి పేర్లూ తారుమారైనవని అక్కడివారు నవ్వుకుంటారు.

ఆ లంకలో మనుషుల నివాసం లేదు. అగ్నిపర్వతం వల్ల ఏర్పడిన రాతి నేల, ఉప్పుగాలి, తుపానులు. అటువంటి చోట సీసా తాటి, లటానియా తాటి, మొగలి జాతి చెట్లు వేల ఏళ్లుగా బ్రతికాయి. పందొమ్మిదవ శతాబ్దంలో ఎవరో మేకలను, కుందేళ్లను తెచ్చి అక్కడ వదిలారు. ఓడవాళ్లకు ఆహారానికి అక్కరకు వస్తాయని వదిలారంటారు. వాటిని తినే మృగాలు అక్కడ లేవు. సంతతి పెరిగింది. మొలిచిన ప్రతి మొక్కనూ మొలకలోనే కొరికివేశాయి. పెద్ద చెట్లు ముసలివై తుపానులకు పడిపోతుంటే వాటి స్థానంలో నిలిచే పిల్ల చెట్టు లేదు. మొక్కల వేళ్ల పట్టు లేక మట్టి వానకు సముద్రంలోకి కొట్టుకుపోయింది.

ప్రసిద్ధ జంతు సంరక్షకుడు జెరాల్డ్ డర్రెల్ 1976లో అక్కడికి వెళ్లి చూసి వచ్చి, 1977లో వెలువడిన తన పుస్తకంలో ఆ దీవి దుస్థితిని వ్రాశాడు. ఆ కాలానికి దీవిలో ఎదిగిన సీసా తాటిచెట్లు పదికి లోపే మిగిలాయి. తోటల్లో వేలకొద్దీ, పుట్టింట్లో వేళ్లమీద లెక్కపెట్టేటన్ని! 1979 నాటికి మేకలను, 1986లో న్యూజిలాండు నిపుణుల సాయంతో కుందేళ్లను పూర్తిగా తొలగించారు. అప్పటినుండి మొక్కలు మళ్లీ మొలిచి నిలబడుతున్నాయి. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంస్థ 1998లో ఈ చెట్టును తీవ్రమైన ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో వ్రాసింది.

కోరంగి రేవు నుండి

ఇక మన సంబంధం. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. డొక్కల కరువని పెద్దలు చెప్పుకునేది అదే. గుంటూరు సీమలో మొదలై కృష్ణా గోదావరి మండలాలను కూడా పీడించింది. దానిపై తుపానులు. 1789లో ఒకసారి దెబ్బతిన్న కోరంగి రేవు 1839 నవంబరు తుపానుతో మళ్లీ కోలుకోలేదు. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా లేదు. కాటన్ దొరగారు దానిని 1847లో మొదలుపెట్టి 1852లో ముగించారు. రాజమండ్రి జిల్లా జనాభా 1821 ప్రాంతంలో ఏడు లక్షలు దాటి ఉండగా 1841 నాటికి ఆరు లక్షల లోపుకు పడిపోయింది. చనిపోయినవారు చనిపోగా, మిగిలినవారిలో కొందరు బర్మాకు, కొందరు మోరిసు దీవికి ఓడలెక్కారు. మారిషస్‌ను మన పెద్దలు మోరిసు అనేవారు.

అక్కడ 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1834 నుండే భారతదేశం నుండి ఒప్పందపు కూలీలను తీసుకువెళ్లడం మొదలైంది. ఐదేళ్ల ఒప్పందం, నెలకు ఐదు రూపాయల జీతం, తిండి గింజలు, బట్టలు. అన్యాయాలు ఎక్కువైనాయని కొన్నేళ్లు ఆపి 1842లో మళ్లీ అనుమతించారు. 1843లో కోరంగి రేవు పేరే గల కోరింగా పాకెట్ అనే ఓడ మనవాళ్లను తీసుకుని ఆ దీవికి చేరింది. విశాఖ వైపు నుండి కూడా చాలామంది వెళ్లారు. ఎక్కిన రేవును బట్టి తెలుగువారిని అక్కడ కోరంగీలు అన్నారు. అన్ని భాషలవారూ కలిపి ఇరవయ్యో శతాబ్దం ఆరంభం వరకు సుమారు ఐదు లక్షలమంది భారతీయులు పోర్ట్ లూయీ రేవులో దిగారు. వారు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

సర్వీసు పుస్తకం, ఇంక్రిమెంటు, గ్రాట్యుటీ చూసినవాళ్లం మనం. వాళ్లకు చేతిలో ఉన్నది ఒక ఒప్పంద కాగితం. పింఛను లేదు. ఒప్పందం ముగిసినా చాలామంది తిరిగి రాలేదు. అయినా రామభజన వదలలేదు, సింహాద్రి అప్పన్నను వదలలేదు. అమ్మోరు పండుగ అక్కడ నేటికీ చేస్తారు. పెద్దింట్లమ్మ తల్లి నీడన పెరిగిన నాకు ఈ సంగతి తెలిసినప్పుడు ఒళ్లు గగుర్పొడిచింది. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం. 1990 డిసెంబరులో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి.

మనవారు ఇక్కడినుండి ఆ దీవికి వెళ్లారు. ఆ దీవి చెట్టు మన పెరళ్లకు వచ్చింది. కడియం, కడియపులంక నర్సరీల్లో ఈనాడు అది మామూలు సరుకు. కరువుకు తట్టుకోలేక వెళ్లినవారి కథ, మేకలకు తట్టుకోలేక పోయిన చెట్టు కథ, రెండూ నా మనస్సులో ఒకదాని పక్కన ఒకటి నిలిచాయి. రెండు వంశాలూ పరాయి నేలలోనే విస్తరించాయి.

ఒంటరి చెట్టు

మారిషస్‌లో క్యూర్‌పైప్ ఊరి ఉద్యానవనంలో సీసా తాటికి అన్నదమ్ముల వరుస అయిన ఒక చెట్టు ఉన్నది. దాని పేరు హయోఫోర్బ్ అమరికాలిస్. ఆ జాతిలో లోకం ఎరిగినది ఆ ఒక్క చెట్టే. దానికి మగ పూలు, ఆడ పూలు రెండూ పూస్తాయి గాని ముందు మగ పూలు విచ్చి రాలిపోయి, ఆ తరువాత ఆడ పూలు విచ్చుతాయి. తోడు చెట్టు లేదు. ప్రయోగశాలల్లో మొలకలు తీయడానికి శాస్త్రజ్ఞులు ప్రయత్నాలు చేశారు. అవి అంత తేలికగా ఫలించలేదు. చెట్టు బ్రతికి ఉన్నంత మాత్రాన జాతి బ్రతికినట్లు కాదని దీనివల్ల తెలుస్తుంది. కాబట్టి స్థలమున్నవారు సీసా తాటిని ఒంటరిగా గాక రెండు మూడు కలిపి పెంచడం మంచిది.

మన నేలలో పెంపకం

మన ప్రాంతంలో చాలామంది రాయల్ పామ్‌నే బాటిల్ పామ్ అని కొనుక్కొస్తున్నారు. అది అరవై డెబ్బై అడుగులు పోతుంది, ఇంటి గోడ పక్కన పెట్టదగినది కాదు. ఇంకొకటి స్పిండిల్ పామ్, అది మారిషస్‌కే చెందిన రోడ్రిగ్స్ దీవిది. దానికి కాండం మధ్యలో ఉబ్బి ఉంటుంది, సీసా తాటికి కిందిభాగం ఉబ్బి ఉంటుంది. ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉంటే తోటల్లో సంకరమవుతాయి. మన తోటల గింజలు అన్నీ అసలు జాతివే అనుకోవడానికి లేదు. అందుచేత పుట్టింటి చెట్లను కాపాడటానికి మన పెరటి చెట్లు బదులు కాజాలవు.

కొల్లేటి లంక గ్రామాల నేల నల్ల బంక మట్టి. వేసవిలో ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగదన్ని ఉప్పదనం వస్తుంది, వర్షాకాలంలో నీరు నిలుస్తుంది. ఉప్పుగాలికి, కొంత ఉప్పదనానికి ఈ చెట్టు ఓర్చుకుంటుంది. నిలువ నీటికి మాత్రం ఓర్వదు. నేను రెండడుగుల మెరక పోయించి, బంక మట్టిలో ఇసుక, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, వేపపిండి కలిపించి నాటించాను. మొదలు మట్టిలో లోతుగా పూడకూడదు. ఎండ బాగా తగలాలి. గింజ మొలవడానికి నెలలు పడుతుంది, మొలిచిన తరువాత కూడా నెమ్మదే. వయస్సు మళ్లినవారికి ఇది ఓర్పు నేర్పే చెట్టు.

ఆకులు తక్కువ గనుక పచ్చి ఆకును శుభ్రం పేరుతో కోయకూడదు. ఎండిన ఆకు తొడుగుతో సహా దానంతట అదే రాలుతుంది. ముదురు ఆకుల మీద పసుపు, నారింజ మచ్చలు వస్తే పొటాష్ లోపమని గ్రహించాలి. కొబ్బరిని బాధించే కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు అలంకరణ తాటిజాతి చెట్లనూ వదలవు. పెంటపోగు చెట్టు దగ్గర ఉంచితే కొమ్ము పురుగుకు పురుడు పోసినట్లే. 2016 తరువాత సర్పిలాకార తెల్లదోమ కూడా మన కొబ్బరి తోటలకు, నర్సరీలకు వచ్చి పడింది. ఆకుల అడుగున తెల్లని చుట్టలు కనిపిస్తే నీటిని గట్టిగా చిమ్మి కడగాలి. సందేహాలుంటే తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం వారిని అడగవచ్చు.

రెండు లంకలు

నీటిపారుదల శాఖలో పనిచేసినవాడిని కాబట్టి కొల్లేరు మాట చెప్పకుండా ఉండలేను. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒడంబడిక జాబితాలో చేరింది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. గూడబాతుల కోసం అది అవసరమన్నవారున్నారు. బ్రతుకుతెరువు పోయిందని ఏడ్చినవారి ఇళ్లకూ నేను వెళ్లాను. రౌండ్ ఐలాండులో పని తేలికైంది. అక్కడ కుందేళ్లకు రేషను కార్డులు లేవు, పిల్లల చదువులు లేవు. కొల్లేటిలో మనుషులున్నారు. ప్రకృతిని కాపాడటం తప్పనిసరి, ఆ భారం మాత్రం చేతిలో ఏమీ లేని వారి మీద పడకూడదని నా అభిప్రాయం. కరువు కాలంలో ఓడలెక్కినవారూ అటువంటి వారే గదా.

చివరిగా సభ్యులకు ఒక మనవి. మీ పెరట్లో సీసా తాటి ఉంటే, కాయలు ఆకుపచ్చ పోయి, నారింజ రంగు తిరిగి, నల్లబడిన తరువాత గింజలు తీసి నారు పోయండి. ఒక మొక్క మీ ఊరి బడికి ఇవ్వండి. పక్కన ఒక రేకు బోర్డు మీద ఇది మారిషస్ చెట్టు, కోరంగి నుండి మనవారు వెళ్లిన దేశపు చెట్టు అని రెండు వాక్యాలు వ్రాయించండి. మనం నాటిన మొక్క పూత మనం చూస్తామో లేదో తెలియదు. ఆ బోర్డు చదివిన పిల్లవాడు అట్లాసు తెరిచి ఆ దీవి ఎక్కడుందో వెతుక్కుంటే అది చాలు.