కళ్లకు కట్టుకునే కంప్యూటర్: ఏఆర్, వీఆర్ పరికరాల చరిత్ర, రకాలు

ఉట్నూర్: ఒకప్పుడు జాతర్లకు, ఉర్సులకు బయస్కోపు డబ్బా వచ్చేది. రంధ్రంలో కన్ను పెడితే తాజ్‌మహల్, చార్మినార్ బొమ్మలు ఒకదాని వెనుక ఒకటి తిరిగేవి. ఇవాళ పిల్లలు ఫోన్‌లో చూసి కొనివ్వమని అడుగుతున్న వీఆర్ డబ్బా కూడా ఆ ఖాందాన్‌దే. కాకపోతే ఇందులో మనం తల ఎటు తిప్పితే బొమ్మ కూడా అటే తిరుగుతుంది. ఆన్‌లైన్‌లో వందల రూపాయల నుంచి లక్షల దాకా ఇవి దొరుకుతున్నాయి. ఏది దేనికి పనికొస్తుందో తెలియకుండా కొంటే డబ్బు వృథా. అందుకే ఈ వివరాలు.

రెండింటికీ తేడా ఏంటి?

వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ. హెడ్‌సెట్ పెట్టుకుంటే మన గది కనిపించదు, కంప్యూటర్ చూపించే లోకమే కనిపిస్తుంది. ఏఆర్ అంటే ఆగ్మెంటెడ్ రియాలిటీ. ఇందులో మన గది అలాగే ఉంటుంది, దాని మీద కంప్యూటర్ బొమ్మ వచ్చి నిలబడుతుంది. 2016లో పిల్లలను రోడ్ల మీద తిప్పిన పోకెమాన్ గో గేమ్ ఏఆర్‌కు అందరికీ తెలిసిన ఉదాహరణ. రెండూ కలిసి ఉంటే మిక్స్‌డ్ రియాలిటీ అంటున్నారు.

ఎక్కడ మొదలైంది?

మన రెండు కళ్లు ఒకే వస్తువును కొద్ది తేడాతో చూస్తాయి. మెదడు ఆ రెండింటినీ కలిపి లోతును లెక్క కడుతుంది. 1838లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టోన్ ఈ సూత్రంతోనే స్టీరియోస్కోప్ గురించి వివరించాడు. నేటి హెడ్‌సెట్ కూడా ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపించి ఇదే పని చేస్తుంది.

1962లో అమెరికాలో మోర్టన్ హైలిగ్ సెన్సోరామా అనే యంత్రానికి పేటెంట్ పొందాడు. దాని ముందు కూర్చుంటే త్రీడీ సినిమాతో పాటు గాలి, వాసన, కుర్చీ కుదుపు కూడా ఉండేవి. 1968లో ఐవాన్ సదర్లాండ్ తలకు పెట్టుకునే కంప్యూటర్ డిస్‌ప్లే తయారు చేశాడు. దాని బరువుకు పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. 1980లలో జేరన్ లానియర్ కంపెనీ వీపీఎల్ హెడ్‌సెట్లు, చేతి గ్లవ్స్ అమ్మింది. వర్చువల్ రియాలిటీ అన్న మాట జనంలోకి వెళ్లింది ఆయన వల్లే. విమానాల్లో వైర్లు బిగించే కార్మికులకు కళ్ల ముందే కొలతలు చూపించాలన్న ఆలోచనతో, 1990ల మొదట్లో బోయింగ్‌లో పనిచేసిన టామ్ కాడెల్ ఆగ్మెంటెడ్ రియాలిటీ అన్న పేరు పెట్టాడు.

1995లో నింటెండో వర్చువల్ బాయ్ తెచ్చింది. అంతా ఎరుపు రంగే, పైగా తలనొప్పి అన్న ఫిర్యాదులు. ఏడాదిలోపే ఆపేశారు. మళ్లీ ఊపు వచ్చింది 2012లో. పామర్ లకీ అనే కుర్రాడు ఓక్యులస్ రిఫ్ట్ కోసం కిక్‌స్టార్టర్‌లో జనం నుంచి 24 లక్షల డాలర్లు సేకరించాడు. 2014లో ఫేస్‌బుక్ ఆ కంపెనీని సుమారు 200 కోట్ల డాలర్లకు కొనేసింది. స్మార్ట్‌ఫోన్ల వల్ల చిన్న స్క్రీన్లు, సెన్సార్లు చవకవడమే ఈ ఊపుకు అసలు కారణం.

పరికరాల రకాలు

ఫోన్ పెట్టే డబ్బా: 2014లో గూగుల్ కార్డ్‌బోర్డ్‌తో ఇది ఇంటింటికీ చేరింది. అట్టపెట్టె, రెండు లెన్సులు, మన ఫోన్, అంతే. జియోడైవ్ కూడా ఈ రకమే, 2023లో రూ.1,299కి వచ్చింది. వీటిలో తల తిప్పి చూడొచ్చు కానీ ముందుకు నడిచినా బొమ్మ దగ్గరికి రాదు.

కంప్యూటర్‌కు కట్టే హెడ్‌సెట్: 2016లో వచ్చిన ఓక్యులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్ ఇవే. ప్లేస్టేషన్ వీఆర్ అయితే గేమింగ్ డబ్బాకు కడతారు. బొమ్మ బాగుంటుంది, కానీ దానికి తోడు ఖరీదైన యంత్రం కావాలి.

సొంతంగా నడిచేది: 2019 నుంచి వస్తున్న మెటా క్వెస్ట్ రకం. ప్రాసెసర్, బ్యాటరీ లోపలే ఉంటాయి. నడిచినా, వంగినా గుర్తిస్తుంది. ఆపిల్ విజన్ ప్రో 2024లో అమెరికాలో 3,499 డాలర్లకు వచ్చింది. అప్పటి లెక్కన రూ.2.9 లక్షల దాకా.

ఏఆర్ కళ్లద్దాలు: గూగుల్ గ్లాస్, మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ ఈ దారిలో వచ్చాయి. 2025లో మన దేశానికి వచ్చిన రే-బాన్ మెటా అద్దాల్లో కెమెరా, స్పీకర్ ఉన్నాయి కానీ స్క్రీన్ లేదు. కాబట్టి అది పూర్తి ఏఆర్ కాదు. రికార్డింగ్ జరిగేటప్పుడు ఫ్రేమ్‌పై చిన్న లైటు వెలుగుతుంది. పెళ్లిళ్లలో జనానా వైపు ఇలాంటి అద్దాలు కనిపిస్తే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన దగ్గర

బాహుబలి నిర్మాతలు ఏఎండీ కంపెనీతో కలిసి 'ద స్వోర్డ్ ఆఫ్ బాహుబలి' పేరుతో వీఆర్ చిత్రం తీశారు. యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం తెలంగాణ ప్రభుత్వం 2016లో ఇమేజ్ పాలసీ తెచ్చింది. చదువుకునే పిల్లలు గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే, ఈ పని నేర్చుకోవడానికి ముందుగా హెడ్‌సెట్ అవసరం లేదు. బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. మాదిరి కంప్యూటర్ ఉంటే త్రీడీ బొమ్మలు చేయడం మొదలుపెట్టొచ్చు. వెల్డింగ్ నేర్చుకునేవాళ్లకు కూడా సిమ్యులేటర్లు వచ్చాయి. రాడ్డు ఖర్చు కాకుండా, కాలిన గాయాలు లేకుండా చేతి కోణం సాధన చేయొచ్చు.

హజ్, ఉమ్రా సంగతి

2021 డిసెంబర్‌లో సౌదీ అధికారులు హజ్రే అస్వద్‌ను వీఆర్‌లో చూపించే కార్యక్రమం మొదలుపెట్టారు. దీని మీద చర్చ జరిగింది. తుర్కియే మతవ్యవహారాల శాఖ అధికారులు 2022లో స్పష్టంగా చెప్పారు: వర్చువల్‌గా చూడటం హజ్ కాదు, హజ్‌కు స్వయంగా వెళ్లాల్సిందే. అయితే మొదటిసారి వెళ్లే పెద్దవాళ్లకు తవాఫ్ ఎక్కడ మొదలవుతుంది, సయీ దారి ఎలా ఉంటుంది అని ముందే చూపించడానికి ఇది పనికొస్తుంది.

కొనే ముందు

మొదట మీ ఫోన్‌లో జైరోస్కోప్ సెన్సార్ ఉందో లేదో చూడండి. చాలా చవక ఫోన్లలో ఉండదు. అది లేకపోతే డబ్బా కొన్నా తల తిప్పినప్పుడు బొమ్మ సరిగా తిరగదు. యూట్యూబ్‌లో ఏదైనా 360 డిగ్రీల వీడియో పెట్టి ఫోన్‌ను చుట్టూ తిప్పితే తేలిపోతుంది. 360 వీడియోకు డేటా ఎక్కువ కావాలి. సిగ్నల్ బలహీనంగా ఉండే గూడేల్లో ముందే డౌన్‌లోడ్ చేసుకోవడం మంచిది.

పిల్లల వయసు ముఖ్యం. మెటా క్వెస్ట్‌కు కనీసం 10 ఏళ్లు, అది కూడా తల్లిదండ్రుల అకౌంట్ కింద. ప్లేస్టేషన్ వీఆర్‌కు 12 ఏళ్లు. స్క్రీన్ కంటికి దగ్గరగా ఉండి బొమ్మ దూరంగా ఉన్నట్టు అనిపించడంతో కళ్లు అలసిపోతాయి, కొందరికి తల తిరుగుతుంది. అలా అనిపించిన వెంటనే తీసేయాలి. కూర్చుని వాడితే పడిపోయే ప్రమాదం తక్కువ.

చదువు కోసమే అయితే ముందు ఇంట్లో ఉన్న ఫోన్‌తో ఏఆర్ యాప్‌లు వాడి చూడండి. పిల్లవాడి ఆసక్తి నెల తర్వాత కూడా నిలిస్తే అప్పుడు డబ్బా. లక్షల హెడ్‌సెట్ ఇంటి ఖర్చులో ఆఖరి మాట.