సున్నా దగ్గర కూలిన కంప్యూటర్లు

ప్రోగ్రాం కూలిపోయింది. ఎక్కడ? సున్నా దగ్గర.

అమెరికాలో మైక్రోసాఫ్ట్ ఆఫీసు. తెర మీద ఒకే ఒక్క లైను. ‘ఎక్సార్ ఈఏఎక్స్, ఈఏఎక్స్’. ప్రాసెసర్‌లోని ఓ చిన్న గడిని చెరిపి సున్నా పెట్టమనే ఆజ్ఞ, అంతే. మెమరీని ముట్టుకోదు. డిస్కు జోలికి పోదు. అయినా అక్కడే కూలింది. ఒక్కరిది కాదు, వందల మంది కంప్యూటర్లు అచ్చం అక్కడే చచ్చాయి.

విండోస్ ఆగిపోగానే ‘రిపోర్టు పంపమంటారా’ అని అడిగే పెట్టె ఒకటి వచ్చేది, గుర్తుందా? సరేనని నొక్కితే ఆ కబురు వచ్చి చేరేది ఇక్కడికే. ఈ ఉదంతాన్ని 2005 ఏప్రిల్‌లో బయటపెట్టింది అక్కడి ఇంజినీరు రేమండ్ చెన్. ఆయన బల్ల మీదా ఇలాంటి వింతలే. రెండు అంకెలు వేరైతేనే పట్టాల్సిన దారిని ప్రాసెసర్ పట్టింది. రిపోర్టు తెరిచి చూస్తే రెండూ సమానం!

పేర్లుండవు, ఫోన్ నంబర్లుండవు. ఎవర్ని అడగాలి?

సున్నా కేసు చెన్ సహోద్యోగిది. అతను వదల్లేదు. ప్రాసెసర్లలో ఉన్నాయని ప్రకటించిన లోపాల చిట్టా అంతా తిరగేసి, ఈ ఆజ్ఞ ఊసు అందులో ఎక్కడా కనపడక, ఇంటెల్‌లో తెలిసినవాళ్లకు మెయిల్ పెట్టి, ర్యామ్ జతలు కుదరలేదేమోనని వాళ్లంటే ఆ లక్షణాలూ సరిపోల్చి చూసి, అవీ కలవక, ఇక మీదట ఈ దెబ్బ తగిలే పది మందికి, ఇష్టమైతే మెయిలూ ఫోన్ నంబరూ ఇచ్చే వీలు కల్పించమని పైవాళ్లను అడిగాడు. పది మంది ఇచ్చారు. అందరికీ ప్రశ్నలు వెళ్లాయి. అందులో ఒకటి: ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేశారా?

ఐదుగురు చేశామన్నారు, తప్పా అని అడిగారు. మిగతా ఐదుగురికి ఆ మాటే తెలియదు.

కంపెనీ గీసిన గీత దాటించి చిప్‌ను పరుగెత్తించడమే ఓవర్‌క్లాకింగ్. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ దీనికి పెట్టింది పేరు. బస్ వేగం 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే, 300 చిప్ కాస్తా 450లో దూసుకెళ్లేది. పైసా ఖర్చు లేదు. కానీ ప్రతి చిప్పూ ఓర్చుకోదు. బండలాగుడు పందెంలో ఎద్దు సత్తా చూడకుండా బండ బరువు పెంచినట్టే. లోపలి గడియారం టిక్కుమనేలోపు సంకేతం కుదురుకోవాలి. ఆలోపే మరో టిక్కు పడితే ఒకటి సున్నా అవుతుంది, సున్నా ఒకటవుతుంది. వేడెక్కితే సర్క్యూట్ ఇంకా మందగిస్తుంది. మే నెల పల్నాడు రెంటచింతలలో, 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, రేకుల గదిలో, ఫ్యాను రెక్కలకు దుమ్ము గడ్డకట్టి, హీట్‌సింక్ కింద పేస్టు పెచ్చులు లేచిన పాత సీపీయూ సంగతి వేరే చెప్పాలా?

నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా అప్పుడు వినపడే మాట ఒకటే. “ఫార్మాట్ కొట్టించు తమ్ముడూ.” కొట్టిస్తారు. చిప్ పరుగు మాత్రం ఎవరూ చూడరు. మళ్లీ నీలం తెర.

అక్కడ చెన్ సహోద్యోగి మాత్రం ఫోన్ తీశాడు. ఆ మాట తెలియని ఐదుగురితోనూ సెట్టింగులు ఒక్కొక్కటే చూపించి చదివించాడు. ఐదు కంప్యూటర్లూ ఓవర్‌క్లాక్ అయి ఉన్నాయి. వాళ్లు చేయి పెట్టలేదు. మరి పెట్టిందెవరు?

అమ్మినవాళ్లు.

పెద్ద కంపెనీలు కావు. వీధి మొగలో ఉండే చిన్న షాపులు. వేగం పెంచేసి, ఆ సంగతి నోటితో కూడా చెప్పకుండా చేతిలో పెట్టాయి. ఇది మోసమే. చేసిన పని పోగొట్టుకున్నవాడు విండోస్‌ను తిట్టుకుంటాడు, లేదా తనకే చేతకాదనుకుంటాడు.

వేగం తగ్గించమని పది మందికీ చెప్పాడు. తగ్గించారు. రోజూ కూలే కంప్యూటర్లు కూలడం మానేశాయి.

2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పది లక్షల పీసీల రిపోర్టులు తవ్వితే అదే తేలింది. గీత దాటినవే ఎక్కువగా కూలాయి.

పల్నాడులో పాత అసెంబుల్డ్ పెట్టె ఏదైనా ఊరికే ఆగిపోతుంటే ఫార్మాట్ తర్వాత. ముందు ఆ ప్రాసెసర్‌కు కంపెనీ చెప్పిన వేగం చూడండి. ఆన్ చేస్తూనే డిలీట్ నొక్కి బయోస్ చూపించే వేగం చూడండి. రెండూ కలవకపోతే ‘లోడ్ డిఫాల్ట్స్’ నొక్కి, సేవ్ చేసి, అమ్మినవాణ్ణి అడగండి.