తెరమీది బల్ల, బొమ్మల చోటు

కంప్యూటర్ తెరమీద బొమ్మలను ఎక్కడ ఉంచాలి? వాటి చోటును నిర్ణయించే అధికారం మనిషిదా, యంత్రానిదా? అల్పంగా తోచే ఈ ప్రశ్నకు నలభై ఏళ్ళు పైబడిన చరిత్ర ఉంది.

‘ఐకాన్’ అన్న మాట చర్చిలలోని పూజాచిత్రాల నుండి కంప్యూటర్ రంగానికి వచ్చింది. తెచ్చినవాడు డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్. 1975లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పిగ్మేలియన్ అనే సిద్ధాంతవ్యాసంలో ఆయన దానిని ఈ అర్థంలో వాడాడు. తర్వాత ఆయన పాలుపంచుకొన్న జిరాక్స్ స్టార్ 1981లో విపణిలోకి వచ్చింది. దాని తెర ఒక కార్యాలయపు బల్ల. దానిమీద కాగితాలు, ఫోల్డర్లు, ఉత్తరాల బుట్టలు. వాటిని తనకు నచ్చిన రీతిలో పేర్చుకొనే స్వేచ్ఛ వాడుకరిదే. అయితే ఆ బల్ల అచ్చంగా అమెరికా బల్ల. మన తాలూకా కచేరీలలో దస్త్రమంటే నాడాతో బిగించిన కట్టే తప్ప, చెవి ఉన్న మనీలా అట్ట కాదు. ఆ అట్టబొమ్మను మనలో చాలామంది అసలు వస్తువు కన్నా ముందు తెరమీదే చూశాం.

1984 నాటి మేకింటాష్‌లో సూసన్ కేర్ 32 అడ్డం, 32 నిలువు చుక్కల చదరంలో బొమ్మలు గీసింది. బ్రూస్ హార్న్, స్టీవ్ క్యాప్స్ రాసిన ఫైండర్ వాటి స్థానాలను గుర్తుంచుకొనేది. ఫైలు బొమ్మ ఏ చోట ఉన్నదన్నది ఆ ఫైలు వివరాలలో భాగంగానే డిస్కులో నమోదయ్యేది. ఒక మూల వదిలిన కాగితం మరునాడు అదే మూల కనిపించేది. దానితోపాటే ‘క్లీన్ అప్’ అన్న ఆదేశమూ ఉండేది. ఆ పేరులోనే ఒక తీర్పు ఉంది: మనిషి పెట్టినది చిందరవందర, యంత్రం వరుసకు తెచ్చినది శుభ్రత.

ఆ తీర్పు సరైనది కాదనడానికి ఆధారం అప్పటికే ఉంది. థామస్ మలోన్ 1983లో ప్రచురించిన పరిశోధనలో ఉద్యోగుల నిజమైన బల్లలను పరిశీలించాడు. కొందరు కాగితాలను విభజించి పేర్లు పెట్టి దాస్తారు, కొందరు కుప్పలుగా వదిలేస్తారు. ఆ కుప్పలు సోమరితనానికి గుర్తులు కావు. ఎదురుగా ఉన్న కాగితం మిగిలిపోయిన పనిని గుర్తుచేస్తుంది. డెబొరా బరో, బానీ నార్డి 1995లో కంప్యూటర్ వాడుకరులలోనూ ఇదే గమనించారు. పేరుతో వెతకడం కన్నా, పెట్టిన చోటికి వెళ్ళి తీసుకోవడానికే వారు మొగ్గు చూపారు. ఇల్లు సర్దినవారిమీద ఇంటిల్లిపాదీ ఎందుకు విసుక్కుంటారో తెలిసినవారికి ఇందులో వింతేమీ లేదు.

విండోస్ దారి వేరు. 1990 నాటి 3.0 వెర్షన్‌లో తెర అడుగున కనిపించే బొమ్మలు ఫైళ్ళు కావు, కుదించిన కిటికీలు. ఫైళ్ళను పరచుకొనే బల్ల 1995 ఆగస్టు 24న విండోస్ 95తో వచ్చింది. బొమ్మలను ఎడమ అంచునుండి తానే వరుసలు కట్టే ‘ఆటో అరేంజ్’ కూడా అందులో ఉంది. ఇక్కడ చోటు ఫైలును అంటిపెట్టుకొని ఉండదు. వ్యవస్థ దానిని విడిగా రాసుకొంటుంది. తెర కొలత తగ్గితే చాలు, ఏళ్ళ తరబడి కుదిరిన అమరిక చెదిరిపోయేది. అమరికను దాచి తిరిగి నిలబెట్టేందుకే చిన్న చిన్న ప్రోగ్రాములు పుట్టుకొచ్చాయంటే ఆ నష్టం ఎంతటిదో ఊహించవచ్చు.

మేకింటాష్ సైతం పాత పద్ధతికి కట్టుబడలేదు. మ్యాక్ ఓఎస్ టెన్‌లో స్థానపు స్థిరత్వం సడలిందని జాన్ సిరాక్యూసా 2003లో సుదీర్ఘమైన విమర్శ రాశాడు. 2005లో స్పాట్‌లైట్ అన్వేషణ వచ్చింది. 2018లో మొహావీ వెర్షన్ బల్లమీది ఫైళ్ళను రకాలవారీగా తానే దొంతరలు పెట్టసాగింది. అన్వేషణ ఉపయోగాన్ని కాదనలేము. కాని వెతకాలంటే ముందు ఆ వస్తువు గుర్తుకు రావాలి. మరచినదానిని గుర్తుచేసే పని అన్వేషణ చేయదు, ఎదురుగా ఉన్న కుప్ప చేస్తుంది.

ఐఫోన్‌లో ఈ కట్టడి మరింత బిగిసింది. బొమ్మలు పైనుండి వరుసగా నిండవలసిందే, నడుమ ఖాళీ విడవడానికి వీలులేదు. కావలసిన గడిలో బొమ్మను నిలిపి చుట్టూ ఖాళీ ఉంచుకొనే వెసులుబాటు 2024లో ఐఓఎస్ 18తో గాని రాలేదు.